పాండెలిస్ ఉన్నంతకాలం

అనెస్తిస్ మా బార్‌లో మొదటిసారి అడుగుపెట్టింది తాగడానికి కాదు, లిఫ్టు బాగుచేయడానికి. అప్పటికి మేమింకా తలుపులు తెరవలేదు. వైన్ సీసాల కోసం కొన్న పెద్ద ఫ్రిజ్‌ను నేలమాళిగలోకి దించుతుంటే లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. భవనంలోని ముసలమ్మలంతా మెట్ల మీద చేరి, ఈ కొత్తవాళ్లు వస్తూనే లిఫ్టును చంపేశారని మాకు వినబడేలాగే చెప్పుకుంటున్నారు. అప్పుడొచ్చాడతను, భుజాన సామాను సంచితో. సన్నగా, కొంచెం వంగి, యాభై దాటిన మనిషి. ఎవరితోనూ మాట్లాడకుండా పైకప్పు మీది మోటారు గదిలోకి ఎక్కాడు. కాసేపటికి లిఫ్టు దగ్గినట్టు ఓ చప్పుడు చేసి ఫ్రిజ్‌తో సహా కిందికి దిగింది.

నాకు ప్రాణం లేచొచ్చి, అతనికో గ్లాసు ఎర్ర వైన్ పోసిచ్చాను. అతను దాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు, వాసన చూశాడు, బీరు లేదా అని అడిగాడు. లేదన్నాను. ఇది వైన్ బార్ అనీ, చిన్న చిన్న తోటలవాళ్ల దగ్గర్నుంచి సీసాలు తెప్పిస్తామనీ, నంజుకోవడానికి చిన్న పళ్లేల్లో తిండి పెడతామనీ చెప్పాను.

"ఈ తూంబాలోనా?" అన్నాడు. "ఇక్కడ ఎవరు తాగుతారమ్మా ఇదంతా?"

అతనన్నది అబద్ధం కాదు. థెస్సలొనీకి పట్నంలో మా తూంబా సోకుల పేట కాదు. మా తాతలు సముద్రానికి అవతలి ఒడ్డు నుంచి కట్టుబట్టలతో వచ్చి వేసుకున్న ఇళ్ల చోటే ఇప్పుడీ అపార్టుమెంట్లు లేచాయి. మగవాళ్లు ఫుట్‌బాల్ స్టేడియం చుట్టూ ఉన్న కొట్లలో సీపురో అనే ఘాటు సారా తాగుతారు. ఆడవాళ్లు బాల్కనీల్లో కాఫీ తాగుతారు. మూతపడిన డ్రైక్లీనింగ్ కొట్లో మేం గాజు తలుపులు, చెక్క కౌంటరు, వేలాడే దీపాలు పెట్టుకుని కూర్చుంటే పేటంతా నవ్వింది. ఆ మొదటి చలికాలం వంటగదిలో మా ఆయన, కౌంటరు వెనక నేను, మధ్యలో ఖాళీ కుర్చీలు.

ఆ కుర్చీల్లో ఒకటి అనెస్తిస్‌ది అయింది. మంగళవారాలు అతను మా వీధుల్లోని లిఫ్టులు చూసుకునేవాడు. పని ముగించుకుని, చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, కౌంటరు చివర గోడ పక్కన కూర్చునేవాడు. మొదట్లో నా మీద జాలితో వచ్చేవాడనుకుంటాను. తర్వాత రుచి మరిగాడు. మా ఉత్తరాది నల్లద్రాక్ష సినోమావ్రోతో చేసిన వైన్ అతనికి నచ్చింది. "నోట్లో పడగానే తిడుతుంది, కాసేపయ్యాక సర్దుకుంటుంది. మా అక్కలాగే," అనేవాడు.

ఆ అక్క పేరు కిరియాకి. అనెస్తిస్ జీవితం ఎలా గడిచిందో చెప్పాలంటే ఆవిడ గురించే చెప్పాలి. కిరియాకి భర్త కట్టడం పనిలో మెట్ల మీంచి పడి చనిపోయేటప్పటికి ఆవిడకు ఇద్దరు చిన్న చిన్న ఆడపిల్లలు. అనెస్తిస్‌కు అప్పుడు పాతికేళ్లు. పిల్లలు కొంచెం పెద్దయ్యేదాకా అనుకుంటూ, అక్క పక్క ఫ్లాటులోకి మారాడు. బడికి దింపాడు, జ్వరాలొస్తే రాత్రుళ్లు కూర్చున్నాడు, సైకిలు నేర్పాడు. పిల్లలు పెద్దవాళ్లయ్యారు. ఇద్దరి పెళ్లిళ్లలోనూ తండ్రి స్థానంలో నడిచాడు. రెండో పిల్ల పెళ్లి మర్నాడు ఉదయం లేచి చూసుకుంటే తనకు నలభై ఏడేళ్లు. ఈ మాట అతనే చెప్పాడు నాకు, నవ్వుతూనే. ఎవరూ అతన్ని పెళ్లి చేసుకోవద్దనలేదు. ఎవరూ చేసుకోమనీ అనలేదు.

మా వీధి పైకి కొంచెం ఎక్కితే ఒక హోమ్ ఉంది. పక్షవాతంతో, మతిమరుపుతో మంచాన పడ్డవాళ్లను అక్కడ ఉంచుతారు. సాయంత్రాలు దాన్లోంచి చుట్టాలు దిగివస్తుంటారు. వాళ్ల నడక చూస్తేనే తెలిసిపోతుంది ఎక్కణ్నుంచి వస్తున్నారో. చాలామంది మా అద్దాల వైపు కూడా చూడకుండా బస్‌స్టాపుకు పోతారు. ఎవాంథియా అనే ఆవిడ కూడా అలాగే పోయేది. ఆ తర్వాతి శరత్కాలంలో ఒక మంగళవారం వాన కుండపోతగా పట్టుకోవడం వల్ల లోపలికి వచ్చింది.

తడిసిన గొడుగు బయటే పెట్టింది. చేతిలో ఓ ప్లాస్టిక్ సంచి. అది కుర్చీలకు తగలకుండా తన కాళ్ల మధ్య పెట్టుకుంది. తర్వాత తెలిసింది, అందులో భర్త విడిచిన పైజమాలుంటాయని. హోమ్‌లో అందరి బట్టలూ కలిపి ఉతుకుతారని ఇంటికి తీసుకెళ్లి తనే ఉతికేది. కాఫీ ఉందా అని అడిగింది. లేదంటే లేవబోయింది. వాన తగ్గేదాకా కూర్చోమన్నాను, ఓ గ్లాసు తెల్ల వైన్ పోశాను. మా ఆయన లోపల్నుంచి అడగకుండానే ఓ పళ్లెం పంపాడు: పసుప్పచ్చ పప్పుముద్ద, దాని మీద ఎర్రగా వేయించిన ఉల్లిపాయలు, ఆలివ్ నూనె, పక్కన రొట్టె.

ఆమె తినడం మొదలుపెట్టి ఆగలేదు. పళ్లేన్ని రొట్టెముక్కతో అద్దంలా తుడిచేసి, అప్పుడు తలెత్తి చూసి సిగ్గుపడింది.

"ఏమీ అనుకోకండి," అంది. "వేరేవాళ్లు వండింది తిని ఎన్నాళ్లయిందో."

అలా మాటల్లోకి దిగింది. పట్నానికి పడమటి చివర స్తవ్రుపోలిలో ఇల్లు. పరదాల బట్టలమ్మే కొట్లో పని. భర్త పాండెలిస్ దేశాలు తిరిగే లారీ డ్రైవరు. ఓరోజు స్టీరింగు ముందు కూర్చోబోతూ అలాగే కూలిపోయాడు. అప్పట్నుంచి మాట లేదు, కుడిచెయ్యి లేదు, మనిషిని గుర్తుపడుతున్నాడో లేదో తెలియదు. మంగళవారాలూ శనివారాలూ వచ్చి తనే తినిపిస్తుంది. అంతా చెప్పి, మాట మార్చడానికన్నట్టు, ఆ హోమ్‌లో లిఫ్టు ఎందుకంత నత్తనడక నడుస్తుందని నన్నడిగింది.

కౌంటరు చివర్నుంచి అనెస్తిస్ అన్నాడు, "నేనే అలా పెట్టానండీ. మంచాలు ఎక్కించినప్పుడు కుదుపు ఉండకూడదని."

ఆమె అటు తిరిగి అతన్ని తేరిపార చూసింది. "అయితే ఇన్నాళ్లూ నేను తిట్టుకుంటున్నది మిమ్మల్నేనన్నమాట," అంది.

అతను నవ్వాడు. ఆ నవ్వులోనే ఏదో జరిగిపోయిందని ఇప్పుడు అనిపిస్తుంది గానీ, ఆరోజు నేను వాన గురించే ఆలోచిస్తున్నాను. నేలమాళిగలోకి నీళ్లు దిగుతాయేమోనని.

మరుసటి మంగళవారం ఆమె వానేమీ లేకుండానే వచ్చింది. ఆపై మంగళవారాలు అలా స్థిరపడిపోయాయి. ఒకే పళ్లెం తెప్పించుకుని ఇద్దరూ పంచుకునేవాళ్లు. మట్టిపాత్రలో కాల్చిన చీజ్, పొగబెట్టిన చేప, ద్రాక్షాకుల్లో చుట్టిన అన్నం, ఏది ఉంటే అది. ఆమె ఒక్క గ్లాసే తాగేది, ఆ ఒక్కటీ బస్సు వేళ దాకా వచ్చేలా. అతను ఆమె మాటలు వినేవాడు. అతను ఎక్కువ మాట్లాడడం లేదని ఆమె ఆటపట్టించేది. ఓసారి ఏ లిఫ్టు గురించైనా చెప్పమంటే, ఒక భవనంలో కొత్త దంపతులు లిఫ్టులో ఇరుక్కుపోయి, తను తీసేసరికి విడాకుల దాకా వెళ్లిన సంగతి చెప్పాడు. ఆమె పడీ పడీ నవ్వింది. నవ్వి, ఎవరైనా చూశారేమోనన్నట్టు చటుక్కున తలుపు వైపు చూసింది.

బార్ కూడా ఆ రోజుల్లోనే పుంజుకుంది. పక్క వీధుల్లోకి కొత్తగా వచ్చిన కుర్ర జంటలు రావడం మొదలుపెట్టారు. నవ్విన పేటవాళ్లు కూడా పుట్టినరోజులకు మా దగ్గరే బల్లలు అడిగేవాళ్లు. అయినా మంగళవారం ఆ చివరి రెండు కుర్చీలూ నేనెవరికీ ఇచ్చేదాన్ని కాదు.

ఒక ఉదయం కిరియాకి కూరగాయల బండి లాక్కుంటూ నేరుగా బార్‌లోకి వచ్చింది. మేం నేల తుడుస్తున్నాం. కోటు విప్పకుండానే కూర్చుని చుట్టూ చూసింది.

"అమ్మాయ్," అంది, "మా తమ్ముడు మంగళవారం మంగళవారం ఇస్త్రీ చొక్కా అడుగుతున్నాడు. లిఫ్టు గ్రీజులో పడి దొర్లేవాడికి ఇస్త్రీ చొక్కా ఏంటి? నువ్వేం పోస్తున్నావు వాడికి?"

నేను దాచలేదు. దాచినా ఆవిడకు తెలుస్తుంది, ఈ పేటలో ఆవిడకు తెలియనిది లేదు. అంతా విని, పప్పుముద్ద తెమ్మని, నాలుగు ముద్దలు తిని, నిమ్మకాయ చాల్లేదంది.

"మొగుడు బతికే ఉన్నాడంటావు."

"ఉన్నాడండీ."

"ఆవిడ మంచిదేనా?"

"మంచిదే."

"మంచిదైతే మరీ కష్టం," అని లేచి, బండి లాక్కుంటూ వెళ్లిపోయింది.

నిజానికి వాళ్లిద్దరి మధ్యా ఏమీ లేదు. చెయ్యి తగిలినా వెనక్కి తీసుకునేవాళ్లు. ఆమె పెళ్లయిన మనిషి అన్న సంగతి ఎప్పుడూ మూడో కుర్చీలో కూర్చున్నట్టే ఉండేది. కానీ వసంతం వచ్చింది, చెట్లు పూశాయి, బయట బల్లలు వేశాం. అనెస్తిస్‌కు కూడా ధైర్యం వచ్చింది కాబోలు. ఆదివారం స్టేడియంలో మ్యాచ్ ఉందనీ, పేటంతా కేకలతో చెవులు పగిలిపోతాయనీ, ఎటైనా సముద్రం ఒడ్డుకు వెళ్లి చేపలు తిని వద్దామనీ ఆమెనడిగాడు. ఈ నాలుగు మాటలూ అతను ఇంటి దగ్గర ఎన్నిసార్లు అనుకుని వచ్చాడో, ఒక్క గుక్కలో చెప్పేశాడు.

ఆమె గ్లాసు కింద పెట్టింది.

"పాండెలిస్ ఉన్నంతకాలం ఇంతే అనెస్తిస్ గారూ," అంది. "ఈ గ్లాసు, ఈ పళ్లెం. ఇంతకంటే అడక్కండి. అడిగితే ఇది కూడా మానేయాల్సొస్తుంది."

అతను సరేనన్నాడు. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. కానీ 'ఉన్నంతకాలం' అన్న ఆ ఒక్క మాట అతని లోపల చోటు చేసుకుంది. ఆమె ఆ మాటను గోడలా కట్టింది. అతనికి అందులో తలుపు కనబడింది.

హోమ్‌లో లిఫ్టు చూడ్డానికి వెళ్లినప్పుడల్లా అతను పాండెలిస్ గదిలోకి తొంగిచూడడం మొదలుపెట్టాడు. మొదట ఆ మనిషెలా ఉంటాడో చూడాలని. తర్వాత్తర్వాత ఎందుకు చూసేవాడో అతను నాకు ఒకసారే చెప్పాడు, ఆమె జ్వరమొచ్చి రాని ఒక మంగళవారం, బార్‌లో ఇంకెవరూ లేనప్పుడు.

"ఇంకా ఊపిరి తీసుకుంటున్నాడా అని చూస్తాను క్రిసా. దుప్పటి కదులుతోందా అని. కదిలితే..." అని ఆగిపోయాడు. "పొద్దున్నే లేచి మొహం కడుక్కునేటప్పుడు అద్దంలోకి చూడలేకపోతున్నాను."

నేను ఓదార్చబోయాను. ఆ మనిషి బాధపడుతున్నాడనీ, పోతే అతనికీ విముక్తేననీ ఏదో అన్నాను. అతను తల అడ్డంగా ఊపాడు. బాధపడుతున్నట్టు లేదట. కిటికీ వైపు మొహం పెడితే శాంతంగా చూస్తుంటాడట. పిచ్చుకలు వస్తే కళ్లు వాటి వెంట పోతాయట.

ఓరోజు పాండెలిస్ మంచం మీంచి జారిపడ్డాడు. పెద్ద శరీరం, నర్సులిద్దరికీ లేవలేదు. లిఫ్టు దగ్గరున్న అనెస్తిస్‌ను కేక వేశారు. అతను చంకల కింద చేతులు వేసి ఎత్తి మంచం మీదికి చేర్చాడు. దుప్పటి కప్పి వెళ్లబోతుంటే పాండెలిస్ బాగున్న చేత్తో అతని చొక్కా చెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు. అనెస్తిస్ ఆ మంచం అంచునే కూర్చున్నాడు, పట్టు సడలేదాకా. ఈ సంగతి నాకు ఆ నర్సుల్లో ఒకామె చెప్పింది. అతను ఎవరికీ చెప్పుకోలేదు. ఎవాంథియాకూ చెప్పలేదు. కానీ ఆపై వెళ్లినప్పుడల్లా గుమ్మంలో ఆగకుండా లోపలికి వెళ్లి, బాగున్నారా పాండెలిస్ గారూ అని పలకరించి, మంచాన్ని కిటికీ వైపు కొంచెం తిప్పి వచ్చేవాడట.

అయినా ఎదురుచూపు ఆగలేదు. ఆ రెండూ ఒకే మనిషిలో ఎలా ఉన్నాయని నన్నడగకండి. ఉన్నాయి.

పాండెలిస్ చలికాలం చివర్లో పోయాడు, నిద్రలో. అనెస్తిస్ మంగళవారం హోమ్‌కు వెళ్లేసరికి మంచం ఖాళీ. పరుపు మీద దుప్పటి తీసేసి ఉంది. అతను అక్కణ్నుంచి పని మధ్యలో వదిలేసి మా దగ్గరికి వచ్చాడు. చేతులకు గ్రీజు అలాగే ఉంది. ఏమైందని అడిగాను.

"పోయాడు," అన్నాడు.

వైన్ పోశాను. అతను ముట్టలేదు. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేకపోయాం. కాసేపయ్యాక లేచి, చేతులు కడుక్కుని, పని పూర్తిచేయాలని వెళ్లిపోయాడు.

అంత్యక్రియలకు వెళ్లాలా వద్దా అని రెండు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి మేనకోడళ్ల పెళ్లిళ్లకు కుట్టించిన సూటు వేసుకుని స్తవ్రుపోలి వెళ్లి, చర్చిలో వెనక వరసలో నిలబడ్డాడు. అయిపోయాక కాఫీ, బ్రాందీ ఇస్తుంటే ఎవాంథియా అతన్ని చూసింది. దగ్గరికి వచ్చి, పక్కనున్న మరిదికి పరిచయం చేసింది. ఈయన పాండెలిస్ ఉన్నచోట లిఫ్టు చూసేవారని చెప్పింది. మరిది చేయి పట్టుకుని, ఇంత దూరం వచ్చినందుకు చల్లగా ఉండాలని దీవించాడు. అనెస్తిస్ బ్రాందీ తాగి, రెండు బస్సులు మారి ఇంటికి వచ్చాడు.

నలభై రోజుల స్మారక ప్రార్థన అయ్యేదాకా ఆమెకు ఫోన్ చేయకూడదనుకున్నాడు. అది మర్యాద. ఆ మధ్యకాలంలో తన వంటింటికి రంగు వేశాడు. ఎన్నేళ్ల నుంచో పొగచూరి ఉన్న గోడలు. కిరియాకి వచ్చి నాకు ఈ సంగతి చెప్పింది. ఆవిడ కూడా మారిపోయింది. ఎవాంథియా ఏం ఇష్టంగా తింటుంది, మాంసమా చేపా, తీపి తింటుందా అని గుచ్చి గుచ్చి అడిగింది. "వాడికి నేను అన్యాయం చేశానమ్మాయ్," అంది, "పిల్లల ధ్యాసలో పడి వాడిది చూడలేదు. ఆవిడొస్తే నేనడ్డం రాను. నా వంట కూడా తగ్గించుకుంటాను." ఆవిడ అంత మెత్తగా మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి. నాక్కూడా ఆశ పుట్టింది. మా ఆయన అయితే వాళ్లు మళ్లీ వచ్చే రోజు ఏం వండాలో ముందే ఆలోచించి పెట్టుకున్నాడు.

ప్రార్థన అయిన తర్వాతి మంగళవారం ఎవాంథియా వచ్చింది. నల్ల దుస్తులు. చేతిలో పైజమాల సంచి లేకపోయేసరికి ఏదో తక్కువైన మనిషిలా కనిపించింది. నా కోసం చిన్న కాగితపు పొట్లం తెచ్చింది, ప్రార్థనలో పంచిన ఉడికించిన గోధుమలూ చక్కెరా దానిమ్మ గింజలూ. అనెస్తిస్ అప్పటికే వచ్చి కూర్చుని ఉన్నాడు. లేచి నిలబడ్డాడు. ఆమె తన కుర్చీలోనే కూర్చుంది గానీ కోటు విప్పలేదు. మా ఆయన తీసుకొచ్చి పెట్టిన పళ్లెం ఇద్దరి మధ్యా ఉండిపోయింది. అలాంటి చిన్న చోటులో వినకూడదనుకున్నా వినబడుతుంది.

"చెప్పకుండా మానేస్తే బాగుండదని వచ్చాను," అంది.

ఏం మానేస్తారని అతనడగలేదు.

"ఈ వీధి ఎక్కలేకపోతున్నానండీ. బస్సు దిగ్గానే కాళ్లు అటే పోతున్నాయి. ఇవాళ కూడా గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చాను."

"అయితే ఇక్కడొద్దు," అన్నాడు అనెస్తిస్. "ఇంకోచోట కలుద్దాం. ఇంత పట్నంలో చోటే లేదా?"

"చోటు గురించి కాదు." ఆమె గ్లాసును పక్కకు జరిపింది. "మీరు నాకు చాలా మంచి చేశారు. ఈ గంట లేకపోతే నాకు పిచ్చెక్కేది. కానీ ఈ గంట ఆయన దగ్గర్నుంచి వచ్చిందే కదా. ఆయనకి తినిపించి, మూతి తుడిచి, దిగొచ్చి మీ పక్కన కూర్చునేదాన్ని. ఇప్పుడు మీ మొహం చూస్తుంటే నాకా గదే కనిపిస్తోంది. ఆ మందుల వాసనతో సహా. ఇందులో మీ తప్పేం లేదు."

"కొన్నాళ్లు పోతే..."

"పోదు, అనెస్తిస్."

గారు లేకుండా పిలవడం అదే మొదలు. అతను తలూపాడు.  తర్వాత అతను నేల వైపు చూస్తూ, "ఓరోజు ఆయన కింద పడితే నేనే లేపాను. మీకు చెప్పలేదు," అన్నాడు.

"తెలుసు. నర్సు చెప్పింది," అంది ఆమె. "అందుకే మరీ కష్టంగా ఉంది."

కావాలా అనే ఊళ్లో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్నానని చెప్పింది. అక్కడ చెల్లెలికి బట్టలు కుట్టే కొట్టు ఉందట, సాయంగా ఉంటుందట. అతను బస్‌స్టాపు దాకా వస్తానన్నాడు. వద్దంది. నన్ను కౌగిలించుకుని, రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని, అద్దం తలుపు నెట్టుకుని వెళ్లింది. అతను కిటికీలోంచి చూస్తాడనుకున్నాను. చూడలేదు. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. పళ్లెం ఎవరూ ముట్టలేదు. కాసేపటికి కుర్ర జంట ఒకటి వచ్చి, ఆ పక్క కుర్చీ ఖాళీయేనా అని అడిగింది. అనెస్తిస్సే, ఖాళీయే తీసుకోండి అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు వచ్చాడు. మంగళవారాలు కాదు, ఏదో ఒకరోజు. తాగి వెళ్లేవాడు, మాట్లాడేవాడు కాదు. కంపెనీవాళ్లనడిగి హోమ్ లిఫ్టును వేరేవాళ్లకు ఇప్పించేశాడు. తర్వాత మా వీధులనే వదిలేశాడు.

కిరియాకి ఓసారి వచ్చి కూర్చుంది. ఆవిడ వంట తగ్గించలేదు, ఇంకా పెంచింది. వాడు తినడం లేదంది. "వంటింటికి అంత బాగా రంగు వేసుకున్నాడే, ఇప్పుడందులో కూర్చోడు. పళ్లెం పట్టుకుని హాల్లో నిలబడి తింటాడు." ఎవాంథియాతో నువ్వొకసారి మాట్లాడకూడదా అని నన్నడిగింది. ఏమని మాట్లాడను? ఆమె చెప్పినదాంట్లో నాకు అబద్ధమేదీ కనబడలేదు. ఆ మాటే చెప్పాను. కిరియాకి కోటు గుండీలు పెట్టుకుంటూ, ఆవిడ మంచిది కాకపోయుంటే బాగుండేదంది.

ఆ ఈస్టర్‌కు అతను కావాలాకు ఫోన్ చేశాడు. ఆమె తీసింది. క్రీస్తు లేచాడు అన్నాడితను. నిజంగానే లేచాడు అంది ఆమె. అది పండగనాడు ఎవరైనా ఎవరితోనైనా అనే మాట.  ఆమె పొయ్యి మీద సూప్ ఉందంది. ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత అతను మళ్లీ చేయలేదు.

చాన్నాళ్ల తర్వాత, కిందటి శుక్రవారం వీధి సంతలో కనిపించాడు. నేను బార్‌కు టమాటాలు బేరమాడుతున్నాను. అతను కిరియాకి కోసం ఆకుకూరలు ఏరుతున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. మోకాలు నొప్పి పెడుతోందనీ, మోటారు గదుల నిచ్చెనలు ఎక్కలేకపోతున్నాడనీ, కంపెనీ ఇప్పుడు ఆఫీసులో ఫోన్ల దగ్గర కూర్చోబెట్టిందనీ చెప్పాడు. నేను కావాలా ఊరి మాట ఎత్తలేదు. అతనే, సంచిలో ఆకుకూర సర్దుకుంటూ అన్నాడు.

"ఆ మనిషి బతికుంటే బాగుండేది క్రిసా."

నేను టమాటాల సంచి కింద పెట్టాను.

"ఇంకో పదేళ్లున్నా నాకేం బరువు? మంగళవారం మంగళవారం ఓ పళ్లెం. దానికి నాకేం తక్కువైంది?" అన్నాడు. కొట్టువాడు చిల్లర ఇస్తే లెక్క చూసుకోకుండా జేబులో వేసుకున్నాడు. "నేనే తొందరపడ్డాను. లోపల్లోపల. అది ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుసు కదా."

అతని తొందర వల్ల ఎవరూ చనిపోలేదని చెప్పాను. తెలుసన్నాడు. నావూసా ద్రాక్షతోటల నుంచి కొత్త సీసాలు వచ్చాయి, సాయంత్రం రమ్మన్నాను. ఇప్పుడు మా దగ్గర సాయంత్రాలు నిలబడడానికి కూడా చోటుండదు, అయినా అతనికి కుర్చీ వేయిస్తానన్నాను. వస్తానన్నాడు. ఉత్తినే అన్నట్టు లేదు, ఆ క్షణానికి నిజంగానే వద్దామనుకున్నట్టే అన్నాడు. సంచి ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకుని, కుంటుకుంటూ సంత జనంలో కలిసిపోయాడు.

ఇవాళ్టి దాకా రాలేదు. వస్తాడని నేనూ అనుకోవడం లేదు.